ఐదు ఆటల ఈశ్వరి

ఆగస్టు 19, సోమవారం

నరసింగరావు సార్‌కి సన్మానమట. విజయనగరం నుంచి కమిటీ తరఫున విశాలి అనే అమ్మాయి ఫోన్ చేసింది. సార్‌కి డెబ్బయ్యేళ్ళు నిండుతున్నాయి, అక్టోబర్ ఆరున సభ, ప్రత్యేక సంచిక కూడా వేస్తున్నారు. యూనివర్సిటీలో ఫిజికల్ డైరెక్టర్‌గా ఉన్నన్నాళ్ళూ ఆయన తయారుచేసిన ఆటగాళ్ళలో సార్ మొదట నా పేరే చెప్పారట. రెండు పేజీలు రాసి పంపాలట. ఇరవై రెండేళ్ళలో ఎలా ఉన్నావని ఒక్కసారి కూడా అడగని మనిషికి నా పేరు మొదట గుర్తొచ్చింది. సరేనన్నాను.

సాయంత్రం కూర్చుని మొదలుపెట్టాను. "సార్ నా చేత ఐదు ఆటలు ఆడించారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, ట్రిపుల్ జంప్, రిలే. 'ఐదు ఆటల ఈశ్వరి' అని నాకు పేరు పెట్టింది కూడా ఆయనే." అక్కడ ఆగిపోయింది. తర్వాత ఏం రాయాలి? ఐదు ఆటలు ఆడిన ఈశ్వరికి ఏ ఒక్క ఆటలోనూ ఉద్యోగానికి సరిపడే సర్టిఫికెట్ రాలేదని రాయాలా? మా ఆయన ధనరాజ్ ఒక్క వాలీబాలే ఆడాడు, రైల్వేలో టికెట్ కలెక్టరయ్యాడు. నేను అన్నిట్లోనూ ఉన్నాను. ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడ ఉన్నాను. చివరికి ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో కుడి మోకాలు వాచి ఉండగా సార్ నన్ను ఖోఖోకి దింపారు. ఇరవై ఒక్కేళ్ళ వయసు. దాంతో నా ఆటలు సరి. ఇవాళ్టికీ నేను కింద కూర్చోలేను.

సార్ దింపారు. అది సంచికలో రాయలేను కదా.

ఇది నేను కోచింగ్ ఇచ్చే పిల్లల టైమింగులు రాసుకునే పుస్తకం. వెనక పేజీల్లో నా గోల. ఎవరూ చూడరు.

ఆగస్టు 21

లాంగ్ జంప్‌లో హేమ ఐదు మీటర్ల నలభై రెండు సెంటీమీటర్లు దూకింది. గాలి కూడా ఎదురే. పదకొండేళ్ళ కాంట్రాక్టు కోచ్ ఉద్యోగంలో ఇలాంటి పిల్ల నాకు దొరకలేదు. పొందూరు అవతల పల్లె, ఇంటర్ రెండో ఏడు. లాంగ్ జంప్ దూకుతుంది, నాలుగొందల మీటర్లు పరిగెడుతుంది, కబడ్డీ కూతకెళ్తే ఒట్టి చేతులతో తిరిగి రాదు. ఒక్కటే పట్టుకో అని దానికి చెప్పాలనుకుంటాను. చెప్పను. అన్నీ ఆడుతుంటే చూడ్డానికి బాగుంటుంది.

ఆగస్టు 23

వేంకటాచలం గారు గ్రౌండ్‌కి వచ్చారు. జిల్లాలో ఆటల వ్యవహారాలు చూసేది ఆయనే, నా కాంట్రాక్టు కాగితం మీద ఏటా సంతకం పెట్టేదీ ఆయనే. రాష్ట్ర మీట్‌లో మన సెంటర్‌కి రెండేళ్ళుగా ఒక్క పతకం లేదమ్మా, ఈసారీ లేకపోతే నేను పైవాళ్ళకి ఏం చెప్పుకోను అన్నారు. మర్యాదగానే అన్నారు.

హేమ పేరు మూడు ఈవెంట్లకి ఇచ్చాను.

ఆగస్టు 27, మంగళవారం

హేమ దూకి ఇసక పిట్‌లో దిగినప్పుడు మోకాలు టక్కుమందట. నాకు వినపడలేదు. పక్కన నిలబడ్డ పిల్లలకి వినపడిందట. ఐసు పెట్టించి హాస్టల్‌కి పంపాను.

ఆగస్టు 29

వాపు ఉంది. కొద్దిగా.

సెప్టెంబర్ 3

వాపు తగ్గింది. హేమ నెమ్మదిగా పరిగెత్తి చూసింది. ఆగి నా దగ్గరికొచ్చి, "మేడం, మలుపు కాడ మోకాలు వదిలేసినట్టవతంది. నాది కానట్టుంటంది" అంది.

"భయం వల్ల అలా ఉంటుంది" అన్నాను. క్రేప్ బ్యాండేజ్ కట్టి ఇంకో రెండు రౌండ్లు వేయించాను. వేసింది. ఏమీ కాలేదు. భయమే.

సెప్టెంబర్ 6

సంచికకి రాసిచ్చేశాను. రెండు పేజీలూ నిండాయి. క్రమశిక్షణ, పితృవాత్సల్యం, స్ఫూర్తి. ధనరాజ్ చదివి, "ఈ సార్ ఎవులో గాని, నువ్వు రోజూ తిట్టే సార్ మాత్రం కాదు" అన్నాడు.

సెప్టెంబర్ 10

మీట్ ఫారాలు పంపడానికి ఈరోజే ఆఖరు. హేమ వచ్చి తనే అడిగింది. "నాను దూకతాను మేడం. ఇప్పుడు మానేస్తే సెలెక్షన్ పోతాది" అంది. తనే అడిగింది, నేనేమీ బలవంతం చేయలేదు. పదిహేడేళ్ళ పిల్ల, తన కాలు సంగతి తనకి తెలియదా?

ఫిట్‌నెస్ కాలమ్‌లో ఫిట్ అని రాశాను. అందరికీ అదే రాస్తాం. డాక్టరు గారు అన్నిటికీ కలిపి ఒకేసారి సంతకం పెట్టారు.

సెప్టెంబర్ 12

ఏలూరు. రాష్ట్ర మీట్ ఇక్కడే. పిల్లలందరికీ భోజనాలు దొరికాయి. హేమ పరుపు మీద పడుకుని కాలు దిండు మీద పెట్టుకుంది. అడిగితే అలవాటు మేడం అంది.

సెప్టెంబర్ 14, శనివారం

మూడో జంప్.

సెప్టెంబర్ 16

రాయడానికి ఇప్పటికి చేయి వచ్చింది.

మొదటి జంప్ ఐదు ఇరవై. రెండోది ఫౌల్. మూడోదానికి పరుగు బాగా కుదిరింది. బోర్డు మీద పాదం సరిగ్గా పడింది. గాల్లో ఉండగానే దాని మొహం మారిపోయింది. ఇసకలో పడ్డాక లేవలేదు. అరవను కూడా లేదు. అరచేతులతో ఇసక పట్టుకుని పిసుకుతూ ఉంది. నేను పరిగెత్తుకెళ్తే, "పతకం వస్తాదా మేడం" అని అడిగింది.

రాలేదు. నాలుగో స్థానం.

ఇలాంటివి జరుగుతాయి. ఆటలన్నాక తప్పవు. నాకు జరగలేదా?

సెప్టెంబర్ 20, శుక్రవారం

విజయనగరంలో ఎముకల డాక్టరు దగ్గర స్కానింగ్ రిపోర్టు వచ్చింది. నేను కూడా వెళ్ళాను, బత్తాయిలు పట్టుకుని. హేమ నాన్న గంగులు, అమ్మ దేముడమ్మ ముందే వచ్చి ఉన్నారు. గంగులు వరి రైతు. కూతురు ఆడుతుందంటే ఊళ్ళో అందరికీ చెప్పుకునే మనిషి. ఎప్పుడు గ్రౌండ్‌కొచ్చినా నా ముందు కుర్చీలో కూర్చోడు.

డాక్టరు ఫిల్మ్ వెలుతురుకి పట్టి చూపించారు. మోకాలి లోపలి లిగమెంటు తెగిపోయింది, ఆపరేషన్ చేయాలి. "ఇది ఒక్క రోజులో అయింది కాదు. ముందే దెబ్బ తగిలి ఉంది, దాని మీద మళ్ళీ పడింది. ముందు దెబ్బకే ఆపి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అప్పుడు ఎవరికీ చెప్పలేదా అమ్మా?" అని హేమని అడిగారు.

హేమ నా వైపు చూడలేదు. "లేదండి. ఎవులికీ సెప్పలేదు" అంది.

గంగులు నా వైపు తిరిగి, "మేడం, మీకేటైనా తెలుసా?" అన్నాడు.

"నాకు చెప్పలేదండి" అన్నాను.

వరండాలోకి వచ్చాక గంగులు కూతుర్ని కొట్టాడు. ఒక్కటే, చెంప మీద. వీల్‌చెయిర్‌లో ఉన్న పిల్లని. "మాకు సెప్పకపోతే పోనాది, మేడంకైనా సెప్పాల కదే. కన్నబిడ్డలా సూసుకున్న మనిషికి అబద్దం ఆడతావా?" అన్నాడు. దేముడమ్మ అడ్డం వచ్చింది. నేను కూడా, "ఊరుకోండి, చిన్నపిల్ల" అన్నాను.

హేమ ఏడవలేదు. మంచి పిల్ల.

సెప్టెంబర్ 21

మంచి పిల్ల అని రాశాను నిన్న.

సెప్టెంబర్ 22

వేంకటాచలం గారికి రిపోర్టు ఇచ్చాను. పోటీలో ప్రమాదవశాత్తు జరిగింది, గాయం గురించి క్రీడాకారిణి ముందుగా తెలియజేయలేదు. ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నారు.

ధనరాజ్‌కి మొత్తం చెప్పాను. అన్నం తింటూ విన్నాడు. చేయి కడుక్కుని వచ్చి కూర్చుని, "ఆ పిల్లే సెప్పలేదని సెప్పినాది కదా. మరి నువ్వెందుకు మద్దిన దూరడం?" అన్నాడు.

"అది నా కోసం చెప్పింది."

"నీ కోసమే సెప్పినాది. ఆ మాట నిలబెట్టు. నువ్వు నిజం సెప్తే ఆ కాలు బాగవదు. నీ ఉజ్జోగం పోతాది. రెండూ పోగొట్టుకుని ఏటి సేస్తావు?"

మంచికోసమే చెప్పాడు. కాదనడానికి నాకు మాట దొరకలేదు. దొరకలేదని సంతోషించాను కూడా.

సెప్టెంబర్ 28

హేమని చూడ్డానికి పొందూరు వెళ్ళాను. వాపు పూర్తిగా తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టరు, ఇంకా నెల పట్టేలా ఉంది. కాలికి బ్రేస్ వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా వాళ్ళ నాన్నమ్మ, పేరు తాతమ్మ, రాట్నం ముందు కూర్చుని సన్న నూలు వడుకుతోంది. దువ్వెనలా పత్తి దూసే వాలుగ చేప దవడముల్లు హేమ చేతిలో ఉంది. పిల్లకి పని నేర్పిస్తున్నారు.

"కాలేజీ?" అన్నాను.

గంగులు నా కోసం కుర్చీ తుడుస్తూ, "మానిపించేసినానండి" అన్నాడు. "హాస్టల్లో సామాన్లు కూడా తెచ్చేసినాను. సదువూ వద్దు, ఆటా వద్దు. కాలు ఇరిగినందుకు కాదు మేడం. ఇంత దెబ్బ పెట్టుకుని పెద్దోళ్ళకి సెప్పకుండా దాసినాది సూడండి, అలాటి గుంటని కళ్ళెదురుగా పెట్టుకోవాల గాని ఊరి మీదికెలగ పంపుతాం? రేపు ఇంకేటి దాస్తాదో."

తాతమ్మ నూలు ఆపలేదు. "దాని బుర్రే అంత. సిన్నప్పట్నుంచీ దొంగ బుర్ర" అంది.

హేమ పత్తి దూస్తూ ఉంది. బాగానే దూస్తోంది. ఏ పనైనా త్వరగా పట్టుకుంటుంది.

దేముడమ్మ టీ ఇచ్చింది. తాగాను. పంచదార ఎక్కువైంది. రెండో గ్లాసు కూడా పోసింది. అదీ తాగాను.

సెప్టెంబర్ 29

ఆపరేషన్ అయ్యాక నేనే మాట్లాడి కాలేజీకి పంపిస్తాను. నా మాట గంగులు కాదనడు. ముందు కాలు బాగవ్వాలి. తొందరేమీ లేదు.

అక్టోబర్ 2

తొందరేమీ లేదు.

అక్టోబర్ 6, ఆదివారం

సిరిమాను పండగ దగ్గర పడి విజయనగరం అంతా జనం. కల్యాణ మండపం కూడా నిండింది. పొట్టలు పెరిగిన కబడ్డీ జట్టు, తలకి రంగేసుకున్న హాకీ జట్టు. నా బ్యాచ్ ఆడపిల్లలు ఇద్దరే వచ్చారు. నన్ను స్టేజీ మీదికి పిలిచి, ఐదు ఆటల ఈశ్వరి అని చదివితే చప్పట్లు కొట్టారు. సంచికలో రాసిందే రెండు నిమిషాలు చెప్పి దిగాను. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. ఎవరో చేయందించారు.

భోజనాల హడావిడిలో సార్ ఒక్కరే వెనక గదిలో కూర్చుని ఉన్నారు. దండలు తీసి పక్కన పెట్టుకున్నారు. చాలా సన్నబడిపోయారు. నన్ను చూసి చేయి పట్టుకుని, "ఏటమ్మా ఐదాటలూ, బాగున్నావా?" అన్నారు.

అడుగుదామనుకుని వెళ్ళలేదు. కానీ చేయి పట్టుకున్నాక నోట్లోంచి వచ్చేసింది. "సార్, ఆ రోజు నా మోకాలు వాచి ఉందని మీకు తెలుసు. నన్ను ఎందుకు దింపారు?"

ఏ రోజని అడుగుతారనుకున్నాను. అడగలేదు. ఆయనకి నాకంటే బాగా గుర్తుంది.

"నాను దింపినానా?" అన్నారు. "నీకు గుర్తు లేదేటమ్మా? పొద్దున్నే నా గది తలుపు కొట్టినావు. ఆడతాను సార్, నన్ను ఆపకండి అని ఏడిసినావు. నీ పక్కన టీము మేనేజరు కూడా ఉన్నాడు. నువ్వడిగితేనే కదా ఆడించినాను."

నిజం. ఆయన అంటుండగా ఆ తలుపు కళ్ళ ముందు కనపడింది. ఆకుపచ్చ రంగు తలుపు. కొట్టింది నేనే. ఇరవై రెండేళ్ళలో ఆ తలుపు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఒప్పుకోబుద్ధి కాలేదు. "నేనప్పుడు పిల్లని సార్. పిల్లలు అడుగుతారు. పెద్దవారు మీరు, కాదనాలి కదా" అన్నాను.

బయట వడ్డించేవాళ్ళు పులిహోర, పులిహోర అని కేకలేస్తున్నారు.

"కాదంటే జట్టు లేదమ్మా. తొమ్మండుగురు ఉండాల. ఎనమండుగురే ఉన్నారు."

"అది ముందు రోజు సాయంత్రం అందరి ముందూ అన్నారు సార్ మీరు. ఈశ్వరి దిగకపోతే రేపు సామాన్లు సర్దుకుని ఇంటికెళ్ళిపోవడమే అన్నారు. ఆ మాట అన్నాకే కదా నేను వచ్చి తలుపు కొట్టాను?"

"అన్నానేమో" అన్నారు. "నిజమే కదా మరి."

పక్కనున్న దండలు సర్దుతూ, "నీ మోకాలు ఇప్పుడెలగున్నాది?" అని అడిగారు.

ఇరవై రెండేళ్ళకి అడిగారు. "బాగుంది సార్" అన్నాను. కాళ్ళకి దండం పెట్టడానికి వంగలేను కాబట్టి చేతులు జోడించి వచ్చేశాను. భోజనం చేయలేదు.

అక్టోబర్ 7

నిన్న బస్సులో కోపంతో వచ్చాను. ఎంత తేలిగ్గా చెప్పేశాడు, నువ్వే అడిగావని. చీపురుపల్లి దాటేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. పిల్ల అడిగితే మాత్రం, అడిగేలా చేసింది ఎవరు? ఆ మాట మనసులో పూర్తిగా అనుకున్నాక మరి ఎవర్నీ తిట్టలేకపోయాను.

ఈరోజు సెప్టెంబర్ పది నాటి పేజీ తీసి చదివాను. హేమ తనే అడిగింది అని రాసి ఉంది. ఒకే రోజు రెండుసార్లు రాశాను. అబద్ధం కాదు. తనే అడిగింది. అంతకు ముందు ఏం జరిగిందో రాయలేదు.

ఇప్పుడు రాస్తాను. పొద్దున్న పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి ఫారాలు నింపుతున్నాను. హేమ వంతు వచ్చింది. దాని మోకాలి వైపు చూశాను. చూసి, అందరికీ వినపడేలా, "ఈపాటి నొప్పికి కూర్చునేదాన్నయితే నేను ఐదు ఆటలు ఆడేదాన్నే కాదు. ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పండి, వేరేవాళ్ళ పేరు రాస్తాను" అన్నాను. హేమ అప్పుడేమీ అనలేదు. అందరూ వెళ్ళాక వెనక్కి వచ్చింది. దూకతాను మేడం అంది.

దూకమని నేను అనలేదు. సార్ కూడా ఆడమని అనలేదు. పిల్లల చేత అడిగించుకోవడం ఎలాగో నాకు యూనివర్సిటీలోనే వచ్చేసిందన్నమాట. ఐదు ఆటలూ పోయాయి, అదొక్కటీ మిగిలింది.

మోకాలు వదిలేసినట్టుందని సెప్టెంబర్ మూడున వచ్చి చెప్పింది కూడా. అది మాత్రం రాసే ఉంది. నా చేత్తోనే.

అక్టోబర్ 9

వెళ్ళలేదు.

అక్టోబర్ 11

బస్టాండు దాకా వెళ్ళి వచ్చాను.

అక్టోబర్ 13, ఆదివారం

వెళ్ళాను. ధనరాజ్ గుమ్మంలో నిలబడి, "నీ ఇష్టం. తర్వాత నా మీద పడి ఏడవకు" అన్నాడు.

గంగులు పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మళ్ళీ కుర్చీ తుడవబోతే వద్దన్నాను. నిలబడే చెప్పాను. దేముడమ్మ, తాతమ్మ, హేమ అందరూ ఉన్నారు.

"హేమ నాకు చెప్పింది. ఆగస్టులో దెబ్బ తగిలినప్పుడే నాకు తెలుసు. మోకాలు వదిలేస్తోందని మళ్ళీ వచ్చి చెప్పింది. అయినా నేనే పంపాను. ఫారంలో ఫిట్ అని రాసింది నేనే. ఆసుపత్రిలో మీరు అడిగితే నాకు తెలియదని అబద్ధమాడింది కూడా నేనే. పిల్ల మీ దగ్గర దాచింది నన్ను కాపాడ్డానికి. దాన్నేమీ అనకండి."

గంగులు చెంబు కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు.

"ఆసుపత్రిలో దాన్ని కొట్టినప్పుడు మీరు పక్కనే ఉన్నారు" అన్నాడు.

"ఉన్నాను."

"బత్తాయిలు కూడా తెచ్చినారు."

"తెచ్చాను."

"మొన్న ఇంటికొచ్చి ఆ కుర్చీలో కూకుని టీ తాగినారు. మా అమ్మ దాన్ని దొంగ బుర్ర అంటే ఇన్నారు."

"విన్నాను."

ఇంకా ఏదైనా అడిగితే బాగుండుననిపించింది. అడగలేదు. కూతురి వైపు తిరిగి, "ఒసే, నిజమేటి?" అన్నాడు.

హేమ ఆయన వైపు చూడలేదు. నా వైపే చూస్తూ, "నానే అడిగినాను దూకతానని" అంది.

"అడిగింది" అన్నాను. "కాదనాల్సింది నేను."

"ఎందుకు సెప్పినారు మేడం?" అంది హేమ. అప్పుడు మొదటిసారి ఏడుపొచ్చింది దానికి. "నాను సెప్పలేదు కదా. కాలు బాగైతే మళ్ళీ మీ కాడికే వద్దామనుకున్నాను. ఇప్పుడింక మా నాన్న పంపుతాడేటి? నాకోసం సెప్పినారా? నాకోసం కాదు. మీకు అక్కడ బరువైతే తెచ్చి మా ఇంట్లో పడేసినారు."

పదిహేడేళ్ళ పిల్లకి అంత మాట ఎక్కడ్నుంచి వచ్చిందో తెలియదు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నాకే నమ్మకం లేక మూసేశాను.

తాతమ్మ లేచి వెళ్ళి మనవరాలి తల మీద చేయి వేసింది. దేముడమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. గంగులు, "ఎల్లండి మేడం" అన్నాడు. అప్పటికీ మేడం అనే అన్నాడు.

అక్టోబర్ 15

ఉన్నదంతా రాసి వేంకటాచలం గారికి ఇచ్చాను. పాత రిపోర్టు తప్పని కూడా రాశాను. ఆయన చదివి గది తలుపు దగ్గరగా వేశారు.

"ఆ పిల్ల తండ్రి ఏమైనా కంప్లైంట్ పెట్టాడా?"

"లేదండి."

"మరి ఎవరూ అడగనిది ఎందుకు రాశారమ్మా? నేను దీన్ని పైకి పంపితే మీ కాంట్రాక్టు ఉండదు. నన్నూ అడుగుతారు. తీసుకెళ్ళి చింపేయండి. నేను చూడలేదనుకుంటాను."

"మీరు పతకాలు అడిగారని రాయలేదండి" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "అడగడం తప్పా?"

"తప్పు కాదండి. అందుకే రాయలేదు."

కాగితం బల్ల మీదే వదిలేసి వచ్చాను.

అక్టోబర్ 24

హేమకి ఈరోజు ఆపరేషన్. నన్ను రమ్మనలేదు. ధనరాజ్ డ్యూటీలో ఎవరినో కనుక్కుని, బాగా జరిగిందట అని ఫోన్‌లో చెప్పాడు. పది రోజుల తర్వాత మా ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాట ఇదే.

అక్టోబర్ 31

కాంట్రాక్టు రద్దు చేశారు. ఈరోజే నాకు ఆఖరు రోజు. విజిల్, టేపు, స్టాప్‌వాచ్‌లు రెండూ అప్పగించి సంతకం పెట్టాను. కొత్త కోచ్ దేవేంద్ర అట, చిన్న కుర్రాడు, హర్డిల్స్ ఆడేవాడు. పిల్లల నొప్పుల జాబితా ఒకటి రాసి చేతికిచ్చాను. ఎవరికి ఎక్కడ, ఎప్పటినుంచి. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు. చదువుతాడో లేదో.

పిల్లలు ఎవరూ ఏడవలేదు. ఒకమ్మాయి మాత్రం, "హేమ వల్లేనా మేడం మీరు ఎల్లిపోతన్నారు?" అని అడిగింది. "కాదు, నా వల్లే హేమ వెళ్ళిపోయింది" అన్నాను. దానికి అర్థం కాలేదు.

నవంబర్ 4

ఇప్పుడు నిద్ర పడతందేటి అని ధనరాజ్ అడిగాడు. లేదన్నాను.

"మరెందుకు సెప్పినావు?"

"నిద్ర కోసం చెప్పలేదు."

"మరి దేనికి?"

హేమ అడిగింది కూడా ఇదే. ఇద్దరికీ చెప్పడానికి నా దగ్గర ఒక్క సమాధానం ఉంటే బాగుండేది.

నవంబర్ 18

హాస్టల్ వార్డెన్ జగదీశ్వరి ఫోన్ చేసింది. గంగులు కూతుర్ని ఆటోలో తీసుకొచ్చి కాలేజీలో దింపాడట. కింది అంతస్తులో గది అడిగాడట. తనంతట తనే ప్రిన్సిపాల్ ముందు నిలబడి, మా గుంట అబద్దాలకోరు కాదండి, పొరపాటు మాదే, మళ్ళీ తీసుకోండి అన్నాడట. "ఏమైందో గానీ ఈశ్వరీ, అంత మాట ఆయనే అన్నాడు" అంది జగదీశ్వరి.

సంతోషించాలని తెలుసు. నా సంగతి ఏమైనా అన్నాడా అని అడుగుదామనుకున్నందుకు సిగ్గేసింది. అడగకుండానే ఫోన్ పెట్టేశాను, అదొక్కటే నయం.

నవంబర్ 26

విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు పని దొరికింది. చిన్నపిల్లలు. డ్రిల్లు, చెమ్చా-నిమ్మకాయ పందెం. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగితే చెప్పాను. కరస్పాండెంట్ గారు ఒక నిమిషం ఆలోచించి, మా దగ్గర పోటీలకి పంపేదేమీ లేదులెండి అన్నారు. ఎగతాళి కాదు, ధైర్యం చెప్పడానికే అన్నారు.

డిసెంబర్ 5, గురువారం

స్కూలుకి వెళ్ళడానికి రోజూ ఆమదాలవలసలో పొద్దున్న ప్యాసింజర్ ఎక్కుతున్నాను. ఈరోజు పొందూరులో హేమ, దేముడమ్మ అదే పెట్టె ఎక్కారు. ఫిజియోథెరపీకి విజయనగరం వెళ్తున్నారు. హేమ చంకలో ఒక కర్ర. నన్ను చూసింది. చూసి అవతలి కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి కూర్చుంది. దేముడమ్మ ఎటు కూర్చోవాలో తెలియక కాసేపు మధ్యలో నిలబడి, కూతురి పక్కకి వెళ్ళింది.

విజయనగరం వచ్చింది. దిగాక నేను వెనకే ఆగాను, వాళ్ళు ముందు వెళ్ళాలని. పైవంతెన మెట్లు ఎలాగో ఎక్కారు. దిగే దగ్గర హేమ ఆగిపోయింది. కింద దాకా చూసింది. ఒక కాలు చాపి వెనక్కి తీసుకుంది, రెండోది చాపి అదీ వెనక్కి తీసుకుంది. జనం పక్కనుంచి తోసుకుంటూ పోతున్నారు.

దేముడమ్మ వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చింది. నా మొహంలోకి చూడకుండా నా చేతి సంచీ వైపు చూస్తూ అడిగింది. "దిగినప్పుడు ఏ కాలు ముందెట్టాలండి? ఆసుపత్రిలో సెప్పినారు గాని మర్సిపోనాం. అది మిమ్మల్ని అడగొద్దన్నాది."

"దెబ్బ తగిలిన కాలు, కర్ర కలిపి ముందు కింద మెట్టు మీద పెట్టాలి. తర్వాత మంచి కాలు. తొందరపడొద్దని చెప్పండి. కమ్మీ వదలొద్దు."

ఆమె తలూపి వెళ్ళి హేమ చెవిలో చెప్పింది. హేమ కాసేపు కదల్లేదు. తర్వాత కమ్మీ పట్టుకుంది. కర్ర కింద మెట్టు మీద ఆనించి, కుడికాలు దించి, దాని పక్కకి ఎడమకాలు తెచ్చుకుంది. మళ్ళీ కర్ర, కుడికాలు, ఎడమకాలు. నేను పైనే నిలబడి చూశాను. కిందికి చేరేదాకా ఒక్కసారి కూడా తల ఎత్తి నా వైపు చూడలేదు. కాళ్ళు మాత్రం చెప్పినట్టే వేసింది, ఒక్క మెట్టు కూడా తప్పలేదు.